'ఒప్పేసుకో, పోతుంది' అన్న మాట నమ్మకండి

సంపాదకీయం

కోర్టు గుమ్మం తొక్కిన మన మనిషికి అందరూ కలిసి నేర్పే మాట ఒకటుంది. "ఒప్పేసుకో, పోతుంది." కానిస్టేబులు అదే చెప్తాడు. ఊరి పెద్దమనిషి అదే చెప్తాడు. ఒక్కోసారి మనం ఫీజిచ్చి పెట్టుకున్న ప్లీడరు కూడా అదే చెప్తాడు. "వాయిదాలకి ఎన్నాళ్ళు తిరుగుతావు, కూలి పోతుంది, ఫైను కట్టి ఇంటికి పో." మేజిస్ట్రేటు అడిగినప్పుడు మనవాడు చేతులు కట్టుకుని "అవునయ్యా, తప్పయిందయ్యా" అంటాడు. రెండు నిమిషాల పని. ఫైను కట్టి, టీ తాగి, బస్సెక్కుతాడు. కేసు పోయిందనుకుంటాడు.

కేసు పోలేదు. ఆయన పేరు మీద ఖాయమైంది. ఆ రెండు నిమిషాల్లో ఆయన శిక్షపడ్డ మనిషి అయ్యాడు. అదే డిగ్రీ చదివిన కుర్రాడైతే రేపు కానిస్టేబులు పరీక్ష రాసి, పరుగు గెలిచి, సెలక్షను లిస్టులో పేరు చూసుకున్నాక చేతికి అటెస్టేషన్ ఫారం ఇస్తారు. ఎప్పుడైనా ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా అని అందులో అడుగుతారు. పడిందని రాస్తే ఒక తంటా. రాయకపోతే దాచాడని ఇంకో తంటా. చిన్నపాటి కేసు సంగతి దాచినవాళ్ళ విషయంలో అధికారులు విచక్షణ చూపొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'చూపొచ్చు' అంది. అంటే ఆఫీసరు దయ. ఒకరి దయ మీద బతికే రోజులు పోవాలనే గదా మన తాతల కాలం నుంచీ కొట్లాడుతున్నాం.

బడిలో మేం పిల్లలకి తప్పు ఒప్పుకోవడం మంచి గుణమని చెప్తాం. మంచి మాటే. కానీ ఆ నీతి తప్పు చేసినవాడికి. మన వాడల్లో మాత్రం చెయ్యని తప్పుకి కూడా చేతులు కట్టుకోవడం తరతరాలుగా నేర్పారు. దొర ముందు 'తప్పయింది' అంటే దెబ్బలు తగ్గేవి. ఆ అలవాటే కోర్టు బోను దాకా మన వెంట వచ్చింది. దొర ముందు అన్న మాట గాలికి పోయేది. కోర్టులో అన్న మాట కాగితం మీదికెక్కుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. రాజీ వేరు, ఒప్పుకోలు వేరు. మనోళ్ళకి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. చిన్న దెబ్బలు, దారికి అడ్డం నిలబడటం, పొలంలోకి జొరబడటం లాంటి కేసుల్లో, అంటే పాత ఐపీసీ 323, 341, 447 లాంటివాటిలో, ఫిర్యాది ఇష్టపడితే రాజీ పడొచ్చు. రాజీ పడితే చట్టం లెక్కలో ముద్దాయిని నిర్దోషిగా విడిచిపెట్టినట్టే. ఒప్పుకోలు అంటే దోషి అని తేలినట్టు. ఒకే గొడవ, ఒకే కోర్టు, ఒకే రోజు. ఒక దారిలో నడిస్తే మచ్చలేని మనిషి. ఇంకో దారిలో నడిస్తే శిక్షపడ్డ మనిషి. ఏ దారిలో తోస్తున్నారో అడగకుండా తల ఊపకండి.

ఈ మాట మనకి మరీ ఎందుకు ముఖ్యమంటే, కౌంటరు కేసులు. ఊళ్ళో మనవాణ్ణి కొడతారు. మనం అట్రాసిటీ కేసు పెడతాం. మర్నాటికల్లా "వాళ్ళే మమ్మల్ని కొట్టారు" అని మన మీద ఒక కేసు తయారవుతుంది. ఆ తర్వాత పెద్దమనుషులు బయల్దేరతారు. "మీ మీద ఉన్నది చిన్న కేసు, ఒప్పుకుని ఫైను కట్టండి, దాని సంగతి మేం చూసుకుంటాం." మనవాడు ఒప్పుకుంటాడు. ఇక అట్రాసిటీ కేసులో సాక్షిగా బోనెక్కిన రోజున అవతలి ప్లీడరు ఆ తీర్పు నకలు తీసి ఊపుతాడు. "ఆ రోజు గొడవకి దిగింది మేమేనని మీరే ఒప్పుకున్నారు గదా?" చిన్న కేసులో కట్టిన ఫైను పెద్ద కేసుకి గొయ్యి తవ్వుతుంది. కేసు, కౌంటరు కేసు రెండూ ఒకే జడ్జి ముందు, ఒకదాని వెంట ఒకటి విచారణ జరగాలని 1990లోనే నాథీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ప్లీడరు అడగాల్సింది అది.

జైల్లో ఉన్నవాళ్ళ గోస ఇంకో రకం. 2022 చివరి నాటికి దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణ తేలనివాళ్ళే. మొత్తం ఖైదీల్లో సుమారు ఐదో వంతు మన ఎస్సీలు. జామీనుకి ఇద్దరు పూచీదార్లు, పొలం పాసుపుస్తకం కావాలంటే భూమిలేనివాడు ఎక్కణ్ణించి తెస్తాడు? నెలల తరబడి లోపల ఉండి ఉండి, "ఒప్పుకుంటే ఇప్పటిదాకా ఉన్నదే శిక్షగా లెక్కేసి వదిలేస్తారంట" అని విని ఒప్పుకుంటాడు. నిర్దోషి అయితే కేసు గెలిచేదాకా లోపల, నేరం ఒప్పుకుంటే ఈ పూటే బయట. ఇది ఏం న్యాయం? కొత్త చట్టంలో 479 సెక్షను చూడండి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకుండా మిగిలినవాటిలో, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపినవాణ్ణి బెయిలు మీద వదలాలి. అంతకుముందు ఏ శిక్షా పడనివాడైతే మూడో వంతు గడిపితే చాలు. ఒకటికి మించి కేసులుంటే ఇది వర్తించదు. ఉన్నది ఒక్క కేసే అయితే మాత్రం ఒప్పుకోకుండానే బయటికొచ్చే దారి ఇదొకటి ఉంది.

సరే, ఒప్పుకోవడం జరిగిపోయింది. శిక్ష పడింది. ఇప్పుడేంటి? అప్పుడు కూడా అదే గొంతులు వినపడతాయి. "నువ్వే ఒప్పుకున్నావు గదా, ఇంక అప్పీలేంటి?" ఇది సగం నిజం. మిగతా సగం మన దగ్గర దాస్తున్నారు.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత కోడులో 375, కొత్తదాంట్లో 416. నంబరు మారింది, విషయం అదే. నేరం ఒప్పుకున్నవాడికి 'నేను నేరం చెయ్యలేదు' అని అప్పీలు చేసే హక్కు ఉండదు. కానీ మేజిస్ట్రేటు కోర్టులోగాని సెషన్సు కోర్టులోగాని పడిన శిక్ష ఎక్కువైందనీ, ఆ శిక్ష చట్టప్రకారం లేదనీ అప్పీలు చేసే హక్కు ఉంటుంది. ఆ హక్కుని ఒప్పుకోలు మింగెయ్యలేదు.

శిక్ష మీద ఏం అడగొచ్చు? చాలా అడగొచ్చు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఒకటుంది. మొదటిసారి నేరం చేసినవాణ్ణి జైలుకి పంపకుండా మందలించిగాని, మంచి నడవడికకి బాండు రాయించుకునిగాని వదలొచ్చు. 21 ఏళ్ళు నిండనివాణ్ణి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, జైలుకి పంపాలంటే మేజిస్ట్రేటు కారణాలు రాయాలి. అన్నిటికంటే ముఖ్యం ఆ చట్టంలో 12వ సెక్షను. ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి శిక్షపడ్డందువల్ల వచ్చే అనర్హత అంటదు. కింది కోర్టు ఈ చట్టం ఊసే ఎత్తకపోతే అప్పీలు కోర్టు కూడా ఇవ్వొచ్చు. ఉద్యోగం కోసం చూస్తున్న మన పిల్లవాడికి ఇంతకంటే విలువైన కాగితం ఏముంది?

ఇంకో సంగతి. ఆ ఒప్పుకోలే సరైనది కాకపోతే? మేజిస్ట్రేటు నేరం ఏమిటో ముద్దాయికి అర్థమయ్యేలా చెప్పాలి. అతను అన్న మాటని వీలైనంతవరకు అతని మాటల్లోనే రాయాలి. 'నేరం ఒప్పుకున్నాడు' అని అచ్చేసిన ఫారం మీద వేలిముద్ర తీసుకుంటే సరిపోదు. 1960ల్లో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన మహంత్ కౌసల్యాదాస్ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి నియమమని చెప్పి శిక్ష కొట్టేసింది. "కొట్లాట జరిగిందయ్యా, వాళ్ళు మీదికొస్తే తోశానయ్యా" అన్నవాడు నేరం ఒప్పుకున్నట్టు కాదు. తనని తాను కాపాడుకున్నానని చెప్తున్నాడు. అట్లాంటి మాటని ఒప్పుకోలుగా రాస్తే దాన్ని పై కోర్టులో ప్రశ్నించొచ్చు. బెదిరించిగాని ఆశపెట్టిగాని ఒప్పించినా అంతే. 1980లో కాసంభాయ్ కేసులో, తక్కువ శిక్ష ఆశ చూపి ఒప్పించడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. తక్కువ శిక్ష అని నమ్మించి ఒప్పించి, తర్వాత పై కోర్టులో శిక్ష పెంచడం 21వ అధికరణాన్ని తుంగలో తొక్కడమేనని 1983లో తిప్పేస్వామి కేసులో చెప్పింది.

2006 జూలై నుంచి 'ప్లీ బార్గెయినింగ్' అని చట్టంలోనే ఒక పద్ధతి పెట్టారు. అది వేరు. ఏడేళ్ళకి మించని శిక్షలున్న కొన్ని నేరాల్లో ముద్దాయే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. జడ్జి అవతలి పక్షం లేకుండా ముద్దాయిని విడిగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే అడుగుతున్నాడా అని తెలుసుకోవాలి. ఆ పద్ధతిలో తీర్పు వస్తే మామూలు అప్పీలు లేదు. హైకోర్టులో రిట్టు, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి, అంతే. కాబట్టి సంతకం పెట్టే ముందు ఇది మామూలు ఒప్పుకోలా, ప్లీ బార్గెయినింగా, రాజీయా అని అడగండి. ముగ్గురు అన్నదమ్ముల్లాగా కనిపిస్తాయి. మూడింటి ఫలితం మూడు రకాలు.

ఇప్పుడు రెండో సంకెల సంగతి. ఫైనుతో పాటు మేజిస్ట్రేటు ఒక బాండు కూడా రాయించుకోవచ్చు. కొట్లాట, దౌర్జన్యం, బెదిరింపు లాంటి కేసుల్లో శిక్ష వేసేటప్పుడే, మూడేళ్ళకి మించకుండా శాంతిగా ఉంటానని పూచీకత్తు ఇమ్మని ఆదేశించే అధికారం ఉంది. పాత కోడులో 106, కొత్తదాంట్లో 125. ఫిర్యాదికి ఇది రక్షణ ఉత్తర్వు. ముద్దాయికి మూడేళ్ళ పలుపుతాడు. పూచీదారు దొరక్కపోతే? జైలే. ఫైను కట్టినవాడు కూడా పూచీకత్తు ఇవ్వలేక లోపలికి పోవచ్చు. ఇచ్చినవాడు కూలి కోసం నోరెత్తినా, బావి దగ్గర మాట మాట అనుకున్నా, "బాండు తప్పాడు" అని కబురు పోతుంది. శాంతి అంటే ఊళ్ళో పెత్తందారు మనశ్శాంతి అని అర్థం మారిపోతుంది.

దీనికి విరుగుడు ఏంటి? ఈ బాండు శిక్ష వెంట వచ్చినది. అప్పీల్లోగాని మరో విధంగాగాని ఆ దోష నిర్ధారణ పోతే బాండు దానంతటదే చెల్లకుండా పోతుంది. చట్టంలోనే రాసి ఉంది. ఒక మెలిక కూడా ఉంది. మొదటి తరగతి మేజిస్ట్రేటు వంద రూపాయలు మించని ఫైను మాత్రమే వేస్తే అప్పీలు లేదు. దాంతో పాటు శాంతి బాండు కూడా వేశారు గదా అని అడిగినా, బాండు ఉన్నంత మాత్రాన అప్పీలు పుట్టదని చట్టం చెప్తుంది. ఫైను వంద, బాండు మూడేళ్ళు, అప్పీలు సున్నా. చూశారా చిన్న కేసు ఎంత చిన్నదో! అప్పుడు కూడా సెషన్సు కోర్టులోగాని హైకోర్టులోగాని రివిజన్ వేసే దారి తెరిచే ఉంటుంది. పూచీకత్తు ఇవ్వలేక జైలుకెళ్ళినవాడి విషయంలో పూచీ మొత్తాన్ని, పూచీదార్ల సంఖ్యని తగ్గించమని చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుని అడగొచ్చు.

తహశీల్దారు ముందు చేసే బైండోవరు దీనికి భిన్నం. అక్కడ నేరం రుజువు కాలేదు, శిక్షా లేదు. పోలీసులు రిపోర్టు రాస్తే విచారణ జరిపి, అవసరమని తేలితే ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు మీద సెషన్సు కోర్టుకి అప్పీలు ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా వాడలోంచి నలుగురు కుర్రాళ్ళని జీపెక్కించి సంతకాలు పెట్టించుకుంటుంటే, ఇంతమందిలో ఎంతమంది ఆ అప్పీలు వేశారు?

పూచీకత్తు చట్టమే వద్దని మేం అనడం లేదు. ఇదే కత్తి మనకి డాలు కూడా. మనవాళ్ళని కొట్టినవాడికి శిక్ష పడిన రోజున, "వీడి దగ్గర శాంతి బాండు రాయించండి" అని మన తరఫు ప్రాసిక్యూటరు చేత అడిగించాలి. అట్రాసిటీ కేసులో ముద్దాయి అప్పీలు చేస్తే, బెయిలు అడిగితే, శిక్ష నిలిపెయ్యమంటే, బాధితుడికి నోటీసు ఇవ్వాలి, ఆయన మాట వినాలి. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 15ఎ సెక్షను ఇది. బలహీనుడికి కాపలా కాయాల్సిన ఉత్తర్వు బలహీనుడికే కాపలా పెడుతుంటే ఊరుకోకూడదు.

అప్పీలు విలువ మనకంటే వాళ్ళకి బాగా తెలుసు. చుండూరు గుర్తుంది గదా. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మనవాళ్ళని చంపారు. పదహారేళ్ళు కొట్లాడితే 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. వాళ్ళు ఇంట్లో కూర్చుని తలరాత అనుకోలేదు. అప్పీలు చేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఆ తీర్పు మన గుండె కోసింది. హత్య కేసులో శిక్షపడ్డవాళ్ళు కూడా పై మెట్టెక్కడం మానలేదు. మనం మాత్రం చెయ్యని కొట్లాటకి ఫైను కట్టి, "పోనీలే" అనుకుని వచ్చేస్తున్నాం.

కోర్టు ఉత్తర్వుని ఎట్లా ఎదుర్కోవాలో అంబేడ్కర్ చూపించాడు. 1927 మార్చిలో మహద్ చవదార్ చెరువు నీళ్ళు మనవాళ్ళు తాగారు. డిసెంబరులో రెండోసారి వెళ్ళబోయేసరికి అగ్రకులాలవాళ్ళు కోర్టుకెక్కి, చెరువు తమ సొంతమని, అంటరానివాళ్ళు అటు రాకూడదని తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఆ ఉత్తర్వు ఉండగా ఆయన చెరువులో దిగలేదు. అట్లాగని తల కూడా వంచలేదు. కేసు నడిపాడు. కింది కోర్టులో ఓడినా వాళ్ళు పై కోర్టులకి వెళ్తూనే ఉన్నారు. ప్రతి మెట్టు మీదా మనవాళ్ళు నిలబడ్డారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు చెరువు సొంతమన్న వాదన చెల్లదని తేల్చింది. పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళు ఆయన ఒక్క వాయిదాని కూడా 'పోనీలే' అనలేదు.

ఇప్పుడు మనం చెయ్యాల్సినవి. తీర్పు చెప్పిన రోజు నుంచి సెషన్సు కోర్టుకి అప్పీలు గడువు 30 రోజులు. హైకోర్టుకైతే 60 రోజులు. రివిజన్‌కి 90 రోజులు. నకలు కోసం పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. గడువు దాటినా సరైన కారణం చూపితే కోర్టు ఆలస్యాన్ని మన్నించొచ్చు. జైలుశిక్ష పడితే తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి చేతికిచ్చినా అప్పీలు చేరుతుంది. బెయిలు మీద ఉన్నవాడికి మూడేళ్ళకి మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకుంటానని చెప్పగానే శిక్ష వేసిన కోర్టే బెయిలు ఇవ్వాలి. ప్రత్యేక కారణం ఉంటేనే కాదనాలి. "అప్పీలుకి పోతే శిక్ష పెంచుతారు" అని భయపెట్టేవాళ్ళుంటారు. మనం వేసిన అప్పీల్లో శిక్ష పెంచే అధికారం ఆ కోర్టుకి లేదు. పెంచమని ప్రభుత్వం విడిగా అడగాలి, మనకి నోటీసిచ్చి మన మాట వినాలి.

డబ్బు లేదంటారా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి, జైల్లో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరుని ఇవ్వాలి. కింది కోర్టుకే కాదు, అప్పీలుకి కూడా. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకి ఫోను చేసినా చాలు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదని కోర్టు తప్పించుకోకూడదని 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కు ఉందని ముద్దాయికి చెప్పడం కోర్టు బాధ్యత. ప్లీడరు లేకుండా విచారించి వేసిన శిక్షని ఆ కేసులో కొట్టేసింది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ప్లీడరు పక్కన లేకుండా ఏ ముద్దాయి ఒప్పుకోలునీ రాసుకోకూడదు. ఒప్పుకుంటే ఏం పోతుందో, ఏం మిగులుతుందో ముందుగా తెలుగులో చెప్పాలి. శిక్ష చదివినప్పుడే అప్పీలు గడువు కూడా చదివి చెప్పాలి. భూమిలేనివాడి దగ్గర పాసుపుస్తకం పూచీ అడగకూడదు.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. ప్రతి వాడలో చదువుకున్న ఒక పిల్లో పిల్లాడో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరి మీద ఏ కేసు, ఏ కోర్టు, ఏ రోజు వాయిదా, తీర్పు ఎప్పుడొచ్చింది, ముప్పయ్యో రోజు ఎప్పుడు, ఇంతే రాయండి. కోర్టుకెళ్ళే ప్రతి మనిషి వెంట ఇంకో మనిషిని పంపండి. ఇప్పటికే ఫైను కట్టి, బాండు రాసి వచ్చినవాళ్ళుంటే ఈ వారంలోనే ఆ కాగితాలు బయటికి తీయించి తేదీ చూడండి. ముప్పై రోజులు కాకపోతే రేపే జిల్లా కోర్టు బస్సెక్కించండి.